ఇరవై అయిదో వార్డు

మా రేగులవలస మునిసిపాలిటీలో కుళాయి రాకపోతే ఒకప్పుడు మూడే కారణాలు ఉండేవి. మోటారు కాలింది, కరెంటు పోయింది, పైపు పగిలింది. ఏ వీధివాళ్ళు వచ్చి అడిగినా ఈ మూడింటిలో ఒకటి చెప్పి పంపేవాళ్ళం. వాళ్ళూ బిందెలు చంకనెత్తుకుని మర్యాదగా వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు నాలుగో సమాధానం ఒకటి వచ్చింది: నీళ్ళు వచ్చాయి. ఖాళీ బిందెతో నిలబడ్డ మనిషి మొహం మీద ఈ మాట అనాలంటే కొంచెం శిక్షణ కావాలి. ఆ శిక్షణ మాకు ప్రభుత్వ ఖర్చు మీదే ఇచ్చారు.

నా పేరు ధాలినాయుడు. నీటి సరఫరా సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటును. ఉండేది ఇరవై నాలుగో వార్డులో. ఊళ్ళో ఉన్నవి ఇరవై నాలుగు వార్డులే కాబట్టి ఆఖరిది మాది. పెన్షన్లయినా దోమల మందయినా మా దాకా వచ్చేసరికి అయిపోవడం అలవాటే గనక, మొదట్లో మాకెవరికీ అనుమానం రాలేదు.

సంగతేమిటంటే, పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. అటెండరు మొదలు కమిషనర్ వరకు ప్రతి ఉద్యోగీ పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకోవాలి. ప్రతి మునిసిపాలిటీ తన సొంత సిబ్బందితో ఒక ప్రోగ్రాం రాయించుకోవాలి. అందులో తప్పులు సున్నా ఉండాలి. తప్పుల్లేని మునిసిపాలిటీకి సర్టిఫికెట్టు ఇస్తారు. మా కమిషనర్ విద్యాధరరావు గారికి సర్టిఫికెట్లంటే ప్రాణం. ఆయన గది గోడ మీద సున్నం కనపడదు. వార్డుల వాల్వులకు అంతకు ముందే మోటార్లు బిగించి ఉన్నాయి కాబట్టి, ఏ వార్డుకు ఎప్పుడు నీళ్ళు వదలాలో కంప్యూటరే చూసుకునేలా ప్రోగ్రాం రాద్దామని ఆయన నిర్ణయించారు.

పాఠం చెప్పడానికి విశాఖపట్నం నుంచి హిమజ అనే అమ్మాయిని పంపారు. ఓపిక గల పిల్ల. తెర మీద ఎర్ర అక్షరాలు కనబడితే ప్రోగ్రాంలో ఎక్కడో తప్పున్నట్టు, కంగారు పడకుండా అవి చదివి, ఆ లైను సరిచేసుకుంటే సరిపోతుందని మొదటి రోజే చెప్పింది. మా ఆఫీసు మేనేజరు భానుమూర్తి గారు ఆ మాటను మినిట్స్‌లో రాసుకున్నారు. ఆయన సర్వీసులో ఎర్ర సిరా అంటే పై అధికారి అభ్యంతరమే. అందుచేత మొదటిసారి ఎర్ర అక్షరాలు పడగానే లేచి కోటు గుండీలు పెట్టుకుని, ‘సదరు అభ్యంతరమునకు వివరణ సమర్పించుకొనుచున్నాను’ అని ఆ కిందనే టైపు చేశారు. ఇంకా ఎర్ర అక్షరాలు వచ్చాయి. వాటికీ వివరణ రాశారు. భోజనాల వేళకి ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు ఒక ఫైలంత అయ్యాయి.

ప్రోగ్రాం ఒకరే రాస్తే ఘనత ఒకరికే పోతుందని, సెక్షన్‌కొక లైను చొప్పున పంచారు. అందరూ తలా ఒకటి రాశారు. పేచీ కమిషనర్ గారి లైను దగ్గర వచ్చింది. వార్డులను వరసగా లెక్కపెట్టే లైను రికార్డు అసిస్టెంటుది. వాల్వు తెరవమని ఆజ్ఞ ఇచ్చే లైను కమిషనర్ గారిది. పైథాన్ పద్ధతి ప్రకారం కమిషనర్ గారి లైను రికార్డు అసిస్టెంటు లైను కింద, ఎడం పక్క నాలుగు ఖాళీలు వదిలి, కొంచెం జరిగి ఉండాలి. రికార్డు అసిస్టెంటు కింద తాను జరిగి నిలబడడమేమిటని విద్యాధరరావు గారు ఒప్పుకోలేదు. లైన్లన్నీ సమానంగా ముందుకు తెచ్చారు. తెర నిండా ఎరుపు. చివరికి భానుమూర్తి గారే దారి చూపించారు. పెద్దవాళ్ళ కుర్చీ చుట్టూ జాగా వదిలినట్టే, లైనుకు ఎడం పక్క ఖాళీ వదలడం గౌరవసూచకమని ఒక ఆర్డరు తయారుచేశారు. కమిషనర్ గారు సంతోషించి తనకు ఎనిమిది ఖాళీలు వదిలించుకున్నారు.

అయినా ఎరుపు పూర్తిగా పోలేదు. ఒకరు కొటేషన్ గుర్తు పెట్టడం మరిచిపోయేవారు, ఒకరు పెద్దక్షరం బదులు చిన్నక్షరం కొట్టేవారు. హిమజ కూర్చుని ఒక్కొక్కటీ దిద్దుతుంటే, సర్టిఫికెట్టు గడువు దగ్గర పడుతోందని కమిషనర్ గారికి బెంగ పట్టుకుంది. అప్పుడు టౌన్ ప్లానింగ్ వాళ్ళు ఎక్కడినుంచో ఒక చిట్కా పట్టుకొచ్చారు. ప్రోగ్రాం మొత్తానికి పైన ఒక మాట, కింద రెండు మాటలు చేరిస్తే, మధ్యలో నడిచేటప్పుడు ఏ తప్పు జరిగినా నోరెత్తకుండా దాటిపోతుంది. హిమజ అడ్డం పడింది. అలా చేస్తే తప్పు పోదండీ, తప్పు చెప్పే నోరే పోతుంది అంది. విద్యాధరరావు గారు చాలా ఆనందించారు. ఇరవయ్యేళ్ళుగా తాను పాలనలో అమలు చేస్తున్న విధానం ఇంత చిన్న వాక్యంలో ఇమిడిపోతుందని తనకు తెలియదన్నారు.

మర్నాటినుంచి ఎరుపు లేదు. ప్రజా సంబంధాల సెక్షన్ వాళ్ళు చివర్లో తమ వంతు లైను పెట్టారు: ‘అన్ని వార్డులకు నీరు సరఫరా చేయబడినది.’ ప్రోగ్రాం ఎప్పుడు నడిపినా ఆఖర్న ఈ మాట పచ్చగా పడేది. పైనుంచి పరిశీలకులు వచ్చారు, పచ్చ అక్షరాలు చూశారు, సర్టిఫికెట్టు ఇచ్చారు. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. కంప్యూటరు పాస్‌వర్డు ఎవరూ మరిచిపోకుండా ఆ ఫ్రేము కిందనే స్కెచ్ పెన్నుతో రాశారు.

ఆ వారమంతా మా వార్డులో చుక్క నీరు లేదు.

మా పక్కింటి సన్యాసమ్మప్ప సంగతి ఇక్కడ చెప్పాలి. భర్త పోయాడు. ఎండుచేపలు అమ్మి ఒక్కగానొక్క కూతురు పుణ్యవతిని పెంచి పెళ్ళి చేసింది. పెళ్ళయ్యాక ఆ పిల్ల పుట్టింట్లో రెండు రాత్రుళ్ళు నిద్ర చేస్తే గొప్ప. ఇప్పుడు తొలి కాన్పుకు వచ్చింది. ఆడపిల్లను కంది. తల్లినీ బిడ్డనూ అయిదో నెల వెళ్ళేదాకా తన దగ్గర ఉంచుకోవాలని సన్యాసమ్మప్ప ఆశ. ఆవిడ జన్మలో అంతకన్నా పెద్ద ఆశ పెట్టుకోగా నేను చూడలేదు. పుణ్యవతి అత్తగారు వచ్చి చూసింది. రైలు గేటు అవతలి బోరు నుంచి సన్యాసమ్మప్ప బిందెలు మోసుకురావడం, బిడ్డకు గిన్నెడు నీళ్ళతో స్నానం చేయించడం కళ్ళారా చూసి, ఇలాగైతే తన మనవరాలిని తన ఇంటికి తీసుకుపోతానని చెప్పి వెళ్ళింది. ఆవిడ మాటలో తప్పేమీ లేదు.

సన్యాసమ్మప్ప ఆ సాయంత్రం నన్ను ఆపింది.

“ఏటి తమ్ముడూ, మీ కంపూటర్కి మన ఈది కనబడ్లేదేటి?”

నేను హిమజను అడిగాను. ఆ పిల్ల ప్రోగ్రాం తెరిచి చూసి, రికార్డు అసిస్టెంటు లైను మీద వేలు పెట్టింది. వార్డుల సంఖ్య ఇరవై నాలుగు. ఒకటి నుంచి ఆ సంఖ్య వరకు లెక్కపెట్టమని రాశారు. పైథాన్‌లో అలా రాస్తే ఇరవై మూడు దగ్గరే ఆగిపోతుంది, చివరి అంకె దాకా వస్తుంది గానీ దాన్ని కలుపుకోదు. కొత్తగా నేర్చుకునే ప్రతివాళ్ళూ చేసే పొరపాటే ఇది, నేనూ చేశాను అంది. ఆ సంఖ్యకు ఒకటి కలిపితే చాలు, అయిపోతుంది. నిమిషం పని.

ఆ నిమిషం కోసం మీటింగు పెట్టారు. దానికి ముందు క్షేత్ర పరిశీలన కావాలన్నారు. కమిషనర్ గారూ భానుమూర్తి గారూ జీపు దిగి మా వీధిలోకి వచ్చి సన్యాసమ్మప్ప కుళాయి తిప్పారు. గాలి బుస్సుమంది. ‘కుళాయి సక్రమముగా తిరుగుచున్నది’ అని భానుమూర్తి గారు రాసుకున్నారు.

“చూడమ్మా,” అన్నారు విద్యాధరరావు గారు, “మీ వార్డునకు నీరు సరఫరా అయినట్లు వ్యవస్థ ధ్రువీకరించినది. సరఫరా వేరు, చేరడం వేరు. చేరడమన్నది మా పరిధిలోనికి రాదు.”

“అలగైతే ఆ సరపరా అయిన నీల్లు ఏ ఊరెల్లినాయో కనుక్కోని సెప్పండి బావూ,” అంది సన్యాసమ్మప్ప. “నేనే ఎల్లి తెచ్చుకుంటాను.”

ఈ సూచన పరిశీలనలో ఉంచారు.

మీటింగులో హిమజ ఎంత చెప్పినా భానుమూర్తి గారు ఒకటే అడిగారు. తప్పు ఉంటే ఎర్ర అక్షరాలు వస్తాయని ఆమే బోధించింది, అది మినిట్స్‌లో ఉంది. ఇప్పుడు ఎర్ర అక్షరాలు లేవు. కనుక తప్పు లేదు. ఆ పిల్ల అన్నిటికన్నా ప్రమాదమైనది ఎరుపు రాని తప్పేనండీ, అది చెప్పకుండా చేస్తుంది కదా అని వాదించింది. తప్పును సరిదిద్దాలంటే ముందు తప్పు ఉందని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే సర్టిఫికెట్టు వాపసు చేయాలి, సర్టిఫికెట్టు వాపసు చేయడానికి రూలు లేదు అని కమిషనర్ గారు తేల్చారు. ఆ నెలతో హిమజ కాంట్రాక్టు ముగిసింది. వెళ్ళేటప్పుడు నా చేతికి ఒక పుస్తకం ఇచ్చి, మీరన్నా నేర్చుకోండి సార్ అంది.

మొదట మా వార్డు బోర్డుల మీద ఇరవై నాలుగు చెరిపి ‘ఇరవై మూడు – ఎ’ అని రాయించారు. ఇరవై మూడుకు నీళ్ళొస్తున్నాయి కాబట్టి మాకూ రావాలి. రంగు ఆరేదాకా చూశారు. వాల్వుకు చదువు రాకపోవడం వల్ల ఆ ప్రయత్నం ఫలించలేదు.

భానుమూర్తి గారు తెలివితక్కువవారు కాదు. అదే మా కర్మ. హిమజ చెప్పిన పాఠం నిజానికి ఆయనకు నాకన్నా బాగా అర్థమైంది. ప్రోగ్రాం సర్టిఫికెట్టు పొందింది గనక ముట్టుకోరాదు. కానీ మొత్తం వార్డులెన్ని అనే అంకె ప్రోగ్రాంలో లేదు, గణాంకాల సెక్షన్ ఫైల్లో ఉంది, ప్రోగ్రాం అక్కడినుంచే తెచ్చుకుంటుంది. అది కౌన్సిల్ తీర్మానంతో మారుతుంది. ఇరవై నాలుగు అంటే ఇరవై మూడు దగ్గర ఆగేది, ఇరవై అయిదు అంటే ఇరవై నాలుగు దగ్గర ఆగుతుంది. కనుక లైనులో ఒకటి కలపనక్కర్లేదు. ఊరికి ఒక వార్డు కలిపితే చాలు.

చెత్త డంపింగ్ యార్డు వెనక కొండవాలులో ఇరవై అయిదో వార్డు ఏర్పాటైంది. అక్కడ తుప్పలూ పందులూ తప్ప ఏమీ లేవు. కౌన్సిల్ ఏకగ్రీవంగా తీర్మానించింది: ‘సదరు వార్డునందు జనాభా లేనందున నీరు అవసరము లేదు.’ రిబ్బను కత్తిరించారు. బోర్డు పాతారు. వార్డుకు వాల్వు ఉండి తీరాలని రూలు కాబట్టి మెయిన్ లైను దగ్గర ఇరవై అయిదో వాల్వు కూడా బిగించారు. ఒక వార్డు కార్యదర్శిని వేశారు. అతను రోజూ ఒక గొడుగూ కుర్చీ తెచ్చుకుని తుప్పల మధ్య కూర్చుని, ఫిర్యాదులేమీ లేవని రిపోర్టు పంపేవాడు. జిల్లాలో ఫిర్యాదుల్లేని వార్డుగా దానికి ప్రశంస కూడా వచ్చింది.

మర్నాడు తెల్లవారగానే మా వీధి కుళాయిలన్నీ ఒక్కసారి పారాయి. అబద్ధమెందుకు, నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సన్యాసమ్మప్ప ఉన్న బిందెలన్నీ నింపి, డేకిసాలు నింపి, ఆఖరికి చెంబులూ గ్లాసులూ నింపింది. గుమ్మంలో కాళ్ళు చాపుకుని, మనవరాలిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ఒళ్ళంతా నూనె రాసి కాగు ఖాళీ అయ్యేదాకా నీళ్ళు పోసింది. ఆ పిల్ల వీధంతా వినబడేలా ఏడ్చింది. అత్తగారికి ఫోన్ చేసి అయిదో నెల వరకు పంపనని సన్యాసమ్మప్ప ధైర్యంగా చెప్పింది.

రెండు నెలలు హాయిగా గడిచాయి. తర్వాత ఆడిట్ వచ్చింది.

జనాభా లేని వార్డుకు కార్యదర్శి ఎందుకు, కుర్చీ ఎందుకు, గొడుగు ఎందుకు అని వాళ్ళు అభ్యంతరం రాశారు. వార్డును రద్దు చేయండి, లేదా జనాభాను చూపించండి అన్నారు. రద్దు చేస్తే మళ్ళీ లెక్క ఇరవై నాలుగుకు వస్తుంది, మా వార్డుకు నీళ్ళు పోతాయి. విద్యాధరరావు గారు ఆ మాట తలుచుకుని నిజంగానే బాధపడ్డారు. ఇరవై నాలుగో వార్డు ప్రజల నోటి దగ్గర నీరు తీసేయడానికి తన మనసు ఒప్పుకోదన్నారు. అందుచేత ఆ నీటిని కాపాడడానికి, ఇరవై నాలుగో వార్డులోంచి మూడు వీధులు విడగొట్టి ఇరవై అయిదులో కలిపారు. ఆ మూడింటిలో మాదొకటి.

మామూలుగా మా ఇంజినీరింగ్ సెక్షన్ వాళ్ళు పగిలిన పైపుకు గుడ్డ చుట్టడానికి వారం తీసుకుంటారు. ఈసారి మాత్రం ఒక్క పూటలో రోడ్డు తవ్వి, మా వీధుల పైపును ఇరవై నాలుగో వాల్వు నుంచి తప్పించి కొత్త వాల్వుకు కలిపేశారు. అంత చక్కటి పని నేను నా సర్వీసులో చూడలేదు.

కుళాయిలు మళ్ళీ బుస్సుమన్నాయి. నేను కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళి, కార్యదర్శి ఒక్కడి కోసం మా నోళ్ళు ఎండగట్టకండి సార్ అని బతిమాలాను. ఆయన కోప్పడలేదు. ఫైలు తెప్పించి తీర్మానం చూపించారు.

“ఇరవై అయిదో వార్డునకు నీరు అవసరం లేదని కౌన్సిల్ ఏకగ్రీవముగా తీర్మానించినది. మీరు ఇప్పుడు ఆ వార్డు పౌరులు. మీకు నీరు అవసరం లేదు, నాయుడు గారూ.”

ఫైలు ఆయన ముందు పెట్టి బయటికి వచ్చాను.

పుణ్యవతి అత్తగారు రెండోసారి వచ్చింది. ఈసారి ఆటో మాట్లాడుకుని వస్తానని, శుక్రవారం మంచిదని చెప్పి వెళ్ళింది. సన్యాసమ్మప్ప రెండు బిందెలు తీసుకుని రైలు గేటు వైపు నడిచింది. ఆ నడక చూశాక నాకు భయం పోయింది, బుర్ర కూడా కొంత పోయి ఉంటుంది. మర్నాడు అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు కమిషనర్ గారి గదిలోకి వెళ్ళి, ఫ్రేము కింద పాస్‌వర్డు చూసి కొట్టి, రికార్డు అసిస్టెంటు లైను చివర ఒకటి కలిపాను. హిమజ చెప్పినట్టే నిమిషం పట్టింది. ఖాళీలు మాత్రం కదపలేదు.

తెల్లారేసరికి ఊరు మొత్తానికి, ఇరవై అయిదు వార్డులకూ, నీళ్ళు వచ్చాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. కంప్యూటరు కూడా పట్టుకోలేకపోయింది, దాని నోరు ఎప్పుడో మూశారు కదా. పట్టుకున్నది వార్డు కార్యదర్శి. నీరు అవసరం లేని తన వార్డులో నీరు కనబడిందని రిపోర్టు పంపాడు.

పదకొండు గంటలకు నాకు సస్పెన్షన్ ఆర్డరు అందింది. తప్పుల్లేని ప్రోగ్రాంలో అనుమతి లేకుండా ఒకటి కలిపినందుకు. ప్రోగ్రాంను దాని నిర్దోష స్థితికి తిరిగి తెచ్చారు. అనధికారంగా సరఫరా అయిన నీటిని లబ్ధిదారుల నుంచి వెనక్కి రాబట్టమని రెండో ఆర్డరు. భానుమూర్తి గారే స్వయంగా ఒక ట్యాంకరుతో మా వీధికి వచ్చారు. ఇద్దరు మనుషులు ఇంటింటికీ వెళ్ళి బిందెలు పట్టుకొచ్చి ట్యాంకరులో వంచారు. జనం ఎదురు తిరుగుతారనుకున్నాను. ఆశ్చర్యంతో ఎవరికీ తిట్లు కూడా రాలేదు.

సన్యాసమ్మప్ప ఇంట్లో బిందెలన్నీ బోర్లించి ఉన్నాయి. పెరట్లో తీగ నిండా పొత్తిగుడ్డలు ఆరేసి ఉన్నాయి. గుమ్మంలో పిల్ల ఒళ్ళింకా తడిగా, సాంబ్రాణి పొగ వాసనతో, అమ్మమ్మ ఒళ్ళో నిద్రపోతోంది. పట్టుకున్న నీళ్ళేవమ్మా అని భానుమూర్తి గారు అడిగారు.

“పిల్లకి పోసీసినాను బావూ,” అంది సన్యాసమ్మప్ప. “పట్టుకెల్తే పిల్లనే పట్టుకెల్లాల మరి. రేపెలాగూ పట్టుకెల్లిపోతన్నారు.”

భానుమూర్తి గారు పిల్ల వైపు చూశారు. ఆయనకూ మనవలున్నారని నాకు తెలుసు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, ‘వసూలు కాని నీరు’ అన్న గడిలో ఒక కాగు అని వేసుకుని పక్కింటికి వెళ్ళారు.

శుక్రవారం ఆటో వచ్చింది. పుణ్యవతి ఏడుస్తూ ఎక్కింది. సన్యాసమ్మప్ప ఏడవలేదు. వీధి మలుపు తిరిగేదాకా నిలబడి, పెరట్లోకి వెళ్ళింది. తీగ మీద పొత్తిగుడ్డ ఒకటి మరిచిపోయారు. దాన్ని మడిచి మళ్ళీ విప్పి మళ్ళీ మడవడం నేను గోడ మీంచి చూసి, అక్కడ నిలబడలేక ఇంట్లోకి వచ్చేశాను.

తర్వాతి సోమవారం వార్డు కార్యదర్శి గొడుగు వేసుకుని వచ్చి సన్యాసమ్మప్పకు ఒక నోటీసు ఇచ్చాడు. ఆవిడకు చదువు రాదు గనక నా దగ్గరికి తెచ్చింది. చదివి వినిపించాను. ఇరవై అయిదో వార్డుకు ఆడిట్ ఎదుట చూపించిన జనాభాలో ఇద్దరు తగ్గారు. ముందస్తు అనుమతి లేకుండా ఇద్దరు పౌరులను, అందులో ఒక శిశువును, వార్డు దాటించినందుకు ఆమెపై చర్య ఎందుకు తీసుకోరాదో ఏడు రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఆ ఇద్దరినీ తిరిగి వార్డులో ఎప్పటిలోగా హాజరుపరుస్తుందో కూడా తెలియజేయాలి.

ఆవిడ మొత్తం విని, ఆఖరి వాక్యం ఇంకోసారి చదవమంది. చదివాను. తనకు పెనాల్టీ వేస్తారని గానీ, కేసు పెడతారని గానీ ఆవిడ భయపడలేదు. మొహంలో ఏదో ఆశ కనిపించింది. గవర్నమెంటు కూడా తన కూతురు తిరిగి రావాలనే కోరుతోందని ఆవిడకు అర్థమైనట్టుంది.

“రాయి తమ్ముడూ,” అంది. “ఆల్లు నీల్లొదిల్తే రేపే తెచ్చేస్తానని రాయి.”

కాగితం తీసి అదే రాశాను. వేలిముద్ర వేసి, చెమటకు తడవకుండా కొంగులో చుట్టుకుని, తానే స్వయంగా కార్యదర్శికి ఇచ్చి వస్తానని డంపింగ్ యార్డు వైపు బయలుదేరింది.